ఎడమ కనుబొమ

"చచ్చిపోదామనుకున్నారా ఏంటి?"

ఈతకొలనులోంచి తల పైకెత్తగానే ఆమె అతన్ని అడిగిన మొదటి మాట అది. అంతవరకూ ఆ పిల్ల అక్కడ ఎవరితోనూ నోరు విప్పింది లేదు.

నీళ్ళ అడుగున బుద్ధిగా మోకాళ్ళ మీద కూర్చున్నవాడు ఉన్నట్టుండి మాస్కు పీకేసి గిలగిలా కొట్టుకుంటే ఎవరికైనా గుండె ఆగిపోతుంది. ఆమె భుజం పట్టీ పట్టుకుని అతన్ని పైకి లాక్కొచ్చింది.

అతను నవ్వాడు. "భయపడినట్టు చెయ్యమని మాస్టారే చెప్పారండీ."

"మీకు చెప్పారు. మరి నాకు?"

"మీకూ చెబితే ఇంకేం పరీక్షండీ?"

గట్టు మీద మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. స్కూబా డైవింగ్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్లను తయారుచేసే కోర్సు అది. ఒకరు టీచరు, ఒకరు స్టూడెంటు. స్టూడెంటు ఏ తప్పు చెయ్యాలో మాస్టారు ముందే అతని చెవిలో ఊదుతారు. టీచరు దాన్ని పట్టుకుని సరిదిద్దాలి.

ఆ రోజంతా ఆమె అతనితో మాట్లాడలేదు. అతను ఆమెకు 'మౌనవ్రతం' అని పేరు పెట్టాడు. మర్నాడు ఆమె 'యాక్టరు' అని బదులు తీర్చుకుంది. 'అండీ'లు ఎప్పుడు రాలిపోయాయో ఇద్దరికీ తెలియదు.

ఒక సాయంత్రం వానలో రేకుల కింద నిలబడి రబ్బరు సూట్లు కడుగుతున్నారు.

"నీళ్ళ కింద ఎంత హాయో! మాట్లాడమని ఎవరూ అడగరు," అందామె.

"పాసైతే క్లాసు చెప్పాలి కదా తల్లీ!"

"ఫెయిలైతే పిన్ని షాపులో కాజాలు కుట్టాలి. దానికంటే మాట్లాడటమే నయం. నీకో?"

"నాకు చిన్నప్పట్నుంచీ ఇదొక్కటే కోరిక," అన్నాడు అతను, ఈసారి నవ్వకుండా. తర్వాత తేరుకుని, "అవునూ, నా తప్పులన్నీ ఇట్టే ఎలా పట్టేస్తున్నావ్?"

"చెప్పను."

అబద్ధం ఆడబోయే ముందు అతని ఎడమ కనుబొమ కాస్త పైకి లేస్తుంది. మాస్కు అద్దంలోంచి కూడా కనబడుతుంది. ఆ సంగతి ఆమె తనలోనే దాచుకుంది.

పరీక్షకు ముందు సముద్రంలో ఆఖరి ప్రాక్టీసు. పాఠం మొదలయ్యేది అడుగున ఇసుక మీద. అక్కడికి తాడు పట్టుకుని ఇద్దరూ దిగుతున్నారు. దారిలో ఏదో ఒక కోతిచేష్ట చెయ్యడం అతనికి అలవాటే. సగం దూరంలో అతను చెవి చూపించి అరచెయ్యి అటూ ఇటూ ఊపాడు. చెవిలో నీటి ఒత్తిడి సర్దుకోలేదని అర్థం. అలాంటప్పుడు ఇంకా కిందికి దిగకూడదు.

ఆ రోజు నీళ్ళు మసకగా ఉన్నాయి. దగ్గరికెళ్ళి కనుబొమ చూడాల్సింది. చూడలేదు. 'చాల్లే యాక్టరూ' అనుకుని, అతని చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. అతను వచ్చేశాడు.

పైకి తేలాక అతని మాస్కులో నెత్తురు.

ఎడమ చెవి లోపలి పొర చిరిగిందని, ఇక వినబడదని, జన్మలో డైవింగ్ చెయ్యకూడదని డాక్టరు చెప్పాడు.

"పైకి వెళ్ళిపోవచ్చు కదా!" ఆసుపత్రి మంచం పక్కన ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.

"నువ్వు చెయ్యి పట్టుకున్నావు కదా. వదిలించుకోబుద్ధి కాలేదు."

"నేనూ మానేస్తాను."

"పిచ్చిదానా! ఇద్దరం మానేస్తే నా చెవి దేనికి పోయినట్టు?"

పరీక్ష రోజు స్టూడెంటుగా వేరే అతను వచ్చాడు. తాడు వెంట దిగుతుండగా అతను చెవి చూపించాడు. నటనేనని ఆమెకు తెలుస్తూనే ఉంది. అయినా ఆగింది. దగ్గరికెళ్ళి కళ్ళలోకి చూసింది. కొంచెం పైకి తీసుకెళ్ళి, ముక్కు మూసి మెల్లగా గాలి ఊదమని చూపించింది. అతను వేళ్ళు సున్నాలా కలిపి 'బాగున్నాను' అని సైగ చేసేదాకా చెయ్యి వదల్లేదు.

ఆమె మాస్కు లోపల కన్నీళ్ళు నిలిచాయి. మాస్కులో నీరు చేరితే ముక్కుతో గాలి వదిలి బయటికి పంపాలని కోర్సులో ఎన్నిసార్లో చేసి చూపించింది. ఆ పని ఇప్పుడు తనకే చేతకాలేదు.

"పాస్," అన్నారు మాస్టారు, ఆమె తడి తల మీద చెయ్యి వేసి.

యాక్టరు బస్టాండులో ఉన్నాడు. ఊరొదిలి బావ ప్రింటింగ్ ప్రెస్సులో పనికి వెళ్తున్నాడు. ఆమె తడి జుట్టుతోనే పరుగెత్తుకొచ్చి బెంచీ మీద అతని ఎడమవైపు కూర్చుంది.

"నువ్వంటే నాకు చాలా ఇష్టం," అంది, ఆ చెవి పక్కనే. గట్టిగా చెప్పే ధైర్యం లేక.

అతను ఇటు తిరిగాడు. "ఏమైనా అన్నావా?"

"పాసయ్యానని."

"తెలుసు. నుదుటి మీద మాస్కు గీత కూడా పోకముందే పరుగెత్తుకొచ్చావుగా," అని నవ్వాడు.

బస్సు వచ్చింది.

"మళ్ళీ వస్తావా?"

"రాకేం? నీ మొదటి బ్యాచ్‌కి వస్తా. గట్టు మీద కూర్చుని పాఠం వింటా."

ఎడమ కనుబొమ పైకి లేచింది.

తప్పు కనబడితే అక్కడే ఆపాలి. కోర్సంతా నేర్చుకున్నది అదే. కానీ రోజూ గట్టు మీద కూర్చుని నీళ్ళు చూడమని అతన్ని ఏ నోటితో అడుగుతుంది?

ఆమె వేళ్ళు సున్నాలా కలిపి చూపించింది.

అతనూ అలాగే చూపించి బస్సెక్కాడు.