రిబ్బన్ మీద మిగిలిన ముఖాలు

మధ్యాహ్నం 2:30. ఫుట్‌బాల్ గ్రౌండ్ సామాన్ల గదిలో ఇనుప బీరువా తెరిచారు. ఫైలు లేదు.

అండర్-14 ఆటగాళ్ల వయసు పత్రాలున్న ఫైలు అది. ఫైనల్‌కు వచ్చిన ఒక జట్టు గోల్‌కీపర్‌కు వయసు ఎక్కువని ఫిర్యాదు. పత్రాలు లేకపోతే ఆ ఫిర్యాదు చెల్లదు.

2:50కి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. గ్రౌండ్ గేటు మూయించాడు. ఆ గదిలోనే ముగ్గురిని కూర్చోబెట్టి తలుపు వేశాడు. టోర్నమెంటు సెక్రటరీ, ఆ గోల్‌కీపర్ జట్టు కోచ్, ఫోటోగ్రాఫర్.

ఫోటోగ్రాఫర్‌ను అందరూ ఫోటో అక్క అంటారు. పొద్దున్నే జట్ల ఫోటోలు తీస్తుంది. తర్వాత ఈ గదిలో కూర్చుని ప్రింట్లు వేసి తల్లిదండ్రులకు అమ్ముతుంది. పదకొండేళ్లుగా అదే బతుకు.

"తొమ్మిదింటికి నా చేత్తో ఫైలు బీరువాలో పెట్టాను," అన్నాడు సెక్రటరీ. "రోజంతా ఈ గదిలో ఉండేది ఈవిడే, అందుకని తాళంచెవులు ఈవిడకే ఇచ్చాను. వేరే చెవులు లేవు."

"తాళంచెవులు మీ దగ్గరే ఉన్నాయా?" ఇన్‌స్పెక్టర్ ఆమెను అడిగాడు.

"మెళ్లోనే ఉన్నాయి సార్," అంది ఆమె. "బీరువా ముట్టుకోలేదు. నా బిడ్డ మీద ఒట్టు."

కిటికీకి ఊచలు. ఫ్యాన్ తిరగడం లేదు. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది ఆమె పరిస్థితి. దొంగ అన్న పేరొస్తే ఏ తల్లి తన పిల్లను ఈమె కెమెరా ముందు నిలబెడుతుంది?

"ఇవాళ మీ వస్తువేమైనా పోయిందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఆమెతో.

"మెమరీ కార్డు సార్. ప్రింటర్‌లోనే పెట్టి ఉంచాను. పన్నెండున్నరకి చూస్తే లేదు."

"నేను తీయలేదు!" అన్నాడు కోచ్.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది. ఇన్‌స్పెక్టర్ అతని వంక చూశాడు.

"మిమ్మల్ని ఎవరడిగారు? అమ్మా, అంతకుముందు ఎవరొచ్చారు?"

"ఈ కోచ్ సారే. టీమ్ ఫోటో ప్రింటు తీసుకున్నారు. కవరు కోసం నేను వెనక్కి తిరిగాను."

"ఆ ఫోటోలో ఏముంది?"

"చూళ్లేదు సార్. పిల్లల కళ్లు తెరిచున్నాయో లేదో, అంతే చూస్తాను. వెనకాల ఏనుగున్నా నాకు కనిపించదు."

కార్డు లేదు. ప్రింటు కోచ్ చింపేసే ఉంటాడు. సెక్రటరీ వాచీ చూసుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ చూపు ఆమె సంచి మీద పడింది. లోపల చుట్టిన నల్లటి ప్లాస్టిక్ రోల్.

"అదేంటి?"

"ప్రింటర్‌లో అయిపోయిన రిబ్బన్ సార్. ఇంటికెళ్లి ముక్కలు చేసి పారేస్తాను."

"ఇక్కడి చెత్తబుట్టలో వేయొచ్చుగా?"

"అమ్మో! రంగు కాగితానికి పోయాక, వేసిన ప్రతి ఫోటో అచ్చు దాని మీద ఉండిపోతుంది. పరాయి పిల్లల ముఖాలు. ఎవడి చేతిలో పడితే..."

ఆమె ఆగిపోయింది. గబగబా రోల్ విప్పింది. ఇన్‌స్పెక్టర్ ఫోన్ లైటు వెనక పెట్టాడు. తెలుపు నల్లగా, నలుపు తెల్లగా, ముఖాలు ఒక్కొక్కటే కదిలాయి.

"ఇదే సార్!"

పదకొండుమంది పిల్లలు. వెనక స్కోర్‌బోర్డు గడియారంలో 9:20. ఒక మూల ఇద్దరు పెద్దవాళ్లు. సెక్రటరీ ఇస్తున్నాడు, కోచ్ అందుకుంటున్నాడు. ఫైలు. అట్ట మీద పెద్ద అక్షరాలు: వయసు పత్రాలు.

"తొమ్మిదింటికే బీరువాలో పెట్టానన్నారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఫైలు ఈ గదిలోకి రానేలేదు. ఖాళీ బీరువాకు తాళం వేసి, చెవులు ఈవిడ మెళ్లో కట్టారు."

కోచ్ చెయ్యి జేబు మీదికి పోయింది. 3:25కి ఫైలు కోచ్ కారు డిక్కీలో దొరికింది. కార్డు అతని జేబులో.

ఇన్‌స్పెక్టర్ తలుపు బార్లా తీశాడు. గాలి వచ్చింది. ఆమె అప్పుడు ఏడ్చింది.

"రోల్ స్టేషన్‌కి కావాలమ్మా."

ఆమె కళ్లు తుడుచుకుంది. రోల్‌ను గుండెకు అదుముకుంది.

"ఆ ఒక్క ఫోటో కత్తిరించి ఇస్తాను సార్. మిగతా పిల్లలేం పాపం చేశారు, స్టేషన్‌కి రావడానికి?"

ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం ఆలోచించాడు. బల్ల మీదున్న కత్తెర తీసి ఆమెకు అందించాడు.