మళ్ళీ ఊడిన వయొలిన్

"ఏందండీ మీ బంక? మళ్ళీ ఊడింది!"

నరసరావుపేటలో గోపి రిపేరు కొట్టు మెట్లెక్కుతూనే యశస్విని వయొలిన్ పెట్టె బల్ల మీద పెట్టింది. గోపి గుండె గతుక్కుమంది. ఆ పిల్ల ఎప్పుడొచ్చినా గతుక్కుమంటుంది గానీ, ఈసారి కారణం వేరు. రెండుసార్లు తను అతికించిన అంచే మళ్ళీ ఊడింది.

"ఎండలో పెట్టారా?"

"పల్నాడులో ఎండ తగలని చోటుంటే చెప్పండి, అక్కడ పెడతా. అయినా చిటికెలో అంటుకునే గమ్ ట్యూబు ఉందిగా? నేను మళ్ళీ మళ్ళీ రావాలనా?"

గోపి చెవులు ఎర్రబడ్డాయి. "అది రాయిలా బిగుసుకుంటుందండీ. రేపు లోపల పనొచ్చి తెరిస్తే పైచెక్క చీలిపోద్ది. తోలుతో చేసే ఈ సరేసు బంకైతే, అవసరమైనప్పుడు చెక్క చెడకుండా వదిలేస్తది."

"వదిలేస్తదని మీరే ఒప్పుకున్నారుగా!" నవ్వింది.

ఆ నవ్వే అతనికి అనుమానం. బంక ఊడిందని దెబ్బలాడటానికొచ్చిన మనిషి అంత హాయిగా నవ్వుద్దా?

రెండోసారి ఊడినప్పుడే అతను బంకను అనుమానించాడు. రెండు చెక్కముక్కలు అతికించి లాగితే విడిపోలేదు. బంక అమ్మిన సత్తార్‌ని అనుమానించి, మాటపడి వచ్చాడు. స్టేషన్ రోడ్డులో కొత్తగా కొట్టు పెట్టినవాళ్ళు ఈమెను పంపుతున్నారేమోనని కూడా అనిపించింది.

వయొలిన్‌ని లైటు కిందికి తీసుకెళ్ళాడు. అంచు వెంట సన్నటి గీత.

"ఇది ఎండకి ఊడలేదు. ఎవరో చాకు పెట్టి లేపారు."

యశస్విని చూపు వీధిలో ఆటోల మీదికి పోయింది.

"ఎవరు పంపారు మిమ్మల్ని? నా కొట్టు మూయించాలనా?"

"ఛీ, అదేం మాట! మొదటిసారి నిజంగానే ఊడింది. తర్వాత..." పెట్టె గొళ్ళెం తీస్తూ, వేస్తూ అంది. "బాగైపోతే ఇక్కడికి ఏం వంక చెప్పి రావాలి?"

గోపి ఆ గీత వెంట వేలితో తడిమాడు.

"చెక్క చీలితే ఏం చేసేవారు?"

"మీరున్నారుగా."

"ఇంక చాకు ముట్టుకోవద్దు. ఆదివారం నేనే మీ ఇంటికొస్తా."

ఆదివారం నాదెండ్లలో, యశస్విని నాన్న చెన్నకేశవులు, పిల్లనడగటానికొచ్చిన గోపిని కిందనుంచి పైదాకా చూశాడు.

"నీ బంక మాటిమాటికీ ఊడుద్దంటగా? అతుకే నిలబెట్టలేనోడివి, సంసారమేం నిలబెడతావ్?"

తలుపు పక్కన యశస్విని ముఖం పాలిపోయింది. నిజం చెబితే గోపి పనికి పరువు దక్కుద్ది, ఆమెకి చీవాట్లు పడతాయి.

"తప్పు నాదేనండీ. బంక సరిగ్గా కాచలేదు," అన్నాడు గోపి.

"అబద్ధం నాన్నా! నేనే చాకుతో ఊడదీశా!"

చెన్నకేశవులు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఒరేయ్, దీనికోసం నీ పనికి నువ్వే చెడ్డపేరు పెట్టుకున్నావా?"

గోపి తలొంచుకున్నాడు.

"ఏమే మల్లీశ్వరీ!" లోపలున్న భార్యకి కేకేశాడు. "టీ వద్దులే. పిల్లోడికి అన్నం వడ్డించు." కూతురి వైపు తిరిగాడు. "నువ్వు కూడా కూర్చో తల్లీ. కత్తిపీట దగ్గరికి మాత్రం పోబాక."