మేస్త్రి సంచిలో చెక్కముక్క

వార్డ్‌రోబ్ తలుపు ఊడొచ్చి గోడకి ఆనించి ఉంది. గదిలో ఫ్లోరింగ్ మేస్త్రి ఒక్కడే ఉన్నాడు. లోపల నెక్లెస్ లేదు.

అంతే! అక్క పెట్టిన కేకకి కింది అంతస్తు వాళ్ళు కూడా చెప్పులేసుకోకుండా పైకి పరిగెత్తుకొచ్చేశారు.

ఇన్‌స్పెక్టర్ అప్పుడే స్టేషన్‌కొచ్చి కుర్చీలో కూర్చుంది. ఫోన్ మోగింది.

"ఒసేయ్, అమ్మ నెక్లెస్ పోయిందే! ఆ మేస్త్రిగాడు కొట్టేశాడే! చెల్లెలు పోలీసయ్యుండి నా ఇంట్లో దొంగతనమేంటే!"

ఆ నెక్లెస్ అక్కదొక్కదానిదే కాదు. ఇద్దరిదీ. అమ్మ పోయాక దాన్ని రెండు ముక్కలు చెయ్యడానికి ఇద్దరికీ చేతులు రాలేదు. అక్క దగ్గరే ఉంచారు. అందుకే ఇన్‌స్పెక్టర్ టోపీ కూడా సరిగ్గా పెట్టుకోకుండా జీపు దగ్గరికి నడిచింది.

హెడ్ కానిస్టేబుల్ వెనకాలే వచ్చాడు. కాస్త నసిగాడు.

"మేడమ్... సొంత అక్కగారి కేసు. పక్క స్టేషన్ వాళ్ళకి చెబితే బాగుంటుందేమో."

"మీకు భయమైతే ఇక్కడే ఉండండి. నేను వెళ్తా."

హెడ్ నోరు మూసుకుని జీపెక్కాడు.

మూడో అంతస్తు. అక్క వాళ్ళ బెడ్రూమ్. గదంతా కొత్త చెక్క వాసన. ముదురు గోధుమ రంగు పలకలు, మెరిసిపోతున్నాయి. వారం రోజులు ఆ పలకల కట్టల్ని ఇదే గదిలో పడుకోబెట్టారట, గది గాలికి అలవాటు పడాలని. నిన్న పొద్దున పని మొదలుపెట్టి సాయంత్రం ఐదింటికల్లా పరిచేశారు. పాత టైల్స్ మీద అండర్‌లే, అంటే మెత్తటి దళసరి షీటు. దాని మీద పలకలు. ఒకదాంట్లో ఒకటి టక్కున బిగుసుకుంటాయి, మేకు అక్కర్లేదు.

మేస్త్రి గోడవారగా నిలబడ్డాడు. లావుపాటి మనిషి. ఊళ్ళో నా అంతటోడు లేడని నిన్నంతా గొప్పలు పోయాడట. ఇప్పుడు మాట పెగలట్లేదు.

"తలుపెందుకు ఊడదీశావ్?"

"బందులు లూజయ్యాయి మేడమ్. బిగిద్దామని."

"ఎవరైనా బిగించమన్నారా?"

"లేదు."

"నువ్వు ఫ్లోరింగ్ మేస్త్రివి. బందులతో నీకేం పని?"

మేస్త్రికి నుదురంతా చెమట. చూపు కిటికీ వైపు పారిపోయింది.

అబద్ధం! ఇన్‌స్పెక్టర్‌కి అబద్ధం వాసన ఇట్టే తెలిసిపోతుంది. వీడు అబద్ధం చెబుతున్నాడు. అయితే వీడే దొంగ. ఆమె బుర్ర ఒకే ఒక్క గెంతు గెంతింది. గెంతి, అక్కడే పాతుకుపోయింది.

"బావా, నెక్లెస్ లోపల పెట్టిందెవరు?"

"నేనే." బావ గొంతు సవరించుకున్నాడు. "కొక్కెం ఊడితే రిపేరుకిచ్చాం కదా. నిన్న సాయంత్రం ఆరింటికి షాపులో తీసుకున్నా. నేరుగా ఇంటికొచ్చా. నా చేత్తో నేనే వార్డ్‌రోబ్ తెరిచి పై అరలో పెట్టా."

"నిజంగానా? స్కూటర్ మీదే వదిలేసి రాలేదు కదా? మొన్న మహారాజా వారి కళ్ళజోడు ఫ్రిజ్‌లో దొరికిందట!"

గుమ్మంలో నిలబడ్డ వాళ్ళంతా కిసుక్కున నవ్వారు. బావా మరదళ్ళ సరసం కదా, హెడ్ కూడా మీసాల చాటున నవ్వుకున్నాడు. బావని ఆ ఇంట్లో అందరూ మరుపు మహారాజా అంటారు. ఆ పేరు పెట్టింది ఇన్‌స్పెక్టరే.

బావ ముఖం ఎర్రబడిపోయింది.

"పెట్టానన్నానుగా! ఎన్నిసార్లు చెప్పాలి?"

"సరేలే, కోప్పడకు."

నగల షాపుకి ఫోన్ చేసింది. నిజమే, ఆరింటికి బావ సంతకం పెట్టి తీసుకెళ్ళాడు. పనివాళ్ళంతా ఐదున్నరకే వెళ్ళిపోయారు. రాత్రి గదిలో సామాన్లు కుప్పగా ఉన్నాయని అక్కా బావా హాల్లో పడుకున్నారు. పొద్దున్నే మేస్త్రి ఒక్కడే వచ్చాడు. చిన్న పని మిగిలిందన్నాడు. అక్క కాఫీ ఇద్దామని వచ్చేసరికి తలుపు ఊడి ఉంది.

ఇంకేం కావాలి?

మేస్త్రి జేబులు వెతికారు. ఏం లేదు. పరుపు, కుప్పగా పడేసిన సామాన్లు వెతికారు. ఏం లేదు.

"కింద దాచాడు," అంది ఇన్‌స్పెక్టర్. "లేపండి పలకలు."

"అయ్యో, నా ఫ్లోరు!" అక్క గుండె పట్టుకుంది.

కిటికీ పక్కన గోడవారగా ఉన్న పట్టీని పీకేశారు. రెండు వరసలు లేపారు. హెడ్ కట్టర్‌తో షీటు కోశాడు. కింద పాత టైలు, కాస్త దుమ్ము. అంతే.

"ఇంత మందమేంటక్కా ఈ షీటు?"

"కింది ఆంటీ గోల పడలేకనే. మేం నడుస్తుంటే వాళ్ళ నెత్తిన రోట్లో దంచినట్టుందట. అందుకే సన్నది తిరగ్గొట్టి, ఉన్నవాటిలో లావుది తెప్పించా."

"దంచినట్టే ఉండేది మరి!" అంది గుమ్మంలోంచి కింది ఆంటీ.

ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్ళు మండింది. అక్క ఏడుస్తోంది, ఫ్లోరు పోయింది, నెక్లెస్ దొరకలేదు, జనం చూస్తున్నారు. మేస్త్రి కాలర్ దొరకబుచ్చుకుంది.

"నడు! స్టేషన్లో చెబుదువుగాని."

లిఫ్ట్ ఉంది. కానీ మెట్ల మీంచి దింపింది. ఎందుకో ఆమెకే తెలీదు. కోపంలో కాళ్ళు అటు నడిచాయి. ప్రతి అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి.

"నేను తియ్యలేదమ్మా," అంటూ దిగాడు మేస్త్రి. ఒక్కో గుమ్మం దగ్గరా అదే మాట. "నేను తియ్యలేదు సార్."

"అమ్మో, రేపట్నించి మా హాల్లో పనికి ఇతన్నే పిలిచాం!" అని ఎవరో అన్నారు.

స్టేషన్లో మేస్త్రి సంచి బల్ల మీద గుమ్మరించారు. రబ్బరు సుత్తి, టేపు, చిన్న రంపం, చెక్క చీలికలు, కట్టర్. వాటి మధ్య జానెడున్నర పొడవు చెక్కముక్క ఒకటి. వేలు మందం ఉంటుంది.

"చెత్త," అని హెడ్ పక్కకి తోసేశాడు. ఆమె కూడా పట్టించుకోలేదు.

బల్ల మీదే మేస్త్రి ఫోన్ మోగింది. హెడ్ ఎత్తాడు. విని పెట్టేశాడు.

"ఏంటట?"

"రేపు పనికి రావద్దన్నారు మేడమ్."

మళ్ళీ మోగింది. ఇంకో ఇల్లు. అదే మాట. మూడోసారి మోగినప్పుడు ఆమె తనే ఎత్తింది. "మీరేం మేస్త్రి బాబూ, పరువు తీశారు, మా ఇంటి ఛాయలకి రాకండి," అని అవతల ఒకాయన గబగబా తిట్టేసి పెట్టేశాడు. ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బెంచీ మీద మేస్త్రి అంతా విన్నాడు. కాలర్ దగ్గర గుండీ తెగిపోతే అక్కడ చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

సాయంత్రంలోగా కోర్టుకి పంపాలి. పంపితే జైలే. ఫైలు ముందేసుకుంది. పెన్ను తీసుకుంది.

రాయలేకపోయింది.

కళ్ళు ఆ చెక్కముక్క మీదకే పోతున్నాయి. దాని ఒక పక్క మీగడ రంగు పెయింటు. ఇంకో పక్క పచ్చి చెక్క, రంపం గీతలు తాజాగా ఉన్నాయి. అక్క గదిలో పలకలు ముదురు గోధుమ రంగు కదా. మరి ఈ మీగడ రంగేంటి?

వార్డ్‌రోబ్! దాని తలుపు మీగడ రంగుదే!

ముక్క పట్టుకుని బెంచీ దగ్గరికి వచ్చింది.

"ఇదేంటి?"

మేస్త్రి తల దించేసుకున్నాడు.

"తలుపు కిందంచు కోశావు కదూ? బందులు బిగించడానికి కాదు. కొయ్యడానికి ఊడదీశావు. ఎందుకు?"

మేస్త్రి తెగిన గుండీ దగ్గర చెయ్యి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"మాట్లాడు! ఫైలు రాసేస్తున్నా నేను!"

"కొలవలేదు మేడమ్." గొంతు వినిపించీ వినిపించనట్టుంది. "ముందనుకున్న సన్న షీటుకి కొలిచా. సరిపోయింది. అమ్మగారు లావుది తెప్పించాక మళ్ళీ కొలవాలి. గొప్పలు చెప్పుకుంటూ మర్చిపోయా. తలుపు మూసుండగానే దాని ముందు దాకా పలకలు వేసేశా. ఫ్లోరు తలుపు కిందంచు కంటే ఎత్తైపోయింది. పొద్దున్నే ఎవరూ చూడకుండా ముందు వరస లేపి, తలుపు ఊడదీసి, కోసేసి, వరస మళ్ళీ బిగించేశా. తలుపు తగిలించేలోపు అమ్మగారు వచ్చేశారు."

"దీనికోసం దొంగ అనిపించుకున్నావా?"

"దొంగనంటే మీరు రుజువు చెయ్యలేరుగా మేడమ్, తియ్యలేదు కాబట్టి. కొలత తప్పాడంటే అందరూ నమ్మేస్తారు."

ఇన్‌స్పెక్టర్‌కి నవ్వొచ్చింది. పెదాల దాకా వచ్చిన నవ్వు అక్కడే ఆగిపోయింది.

"ఆ పలకలు ఎప్పుడు వేశావు, తలుపు ముందువి?"

"నిన్న మధ్యాహ్నం."

"అప్పట్నుంచి తలుపు..."

"బిర్రబిగుసుకుపోయింది. నేను కోసేదాకా ఎవరివల్లా కాదు."

బావ ఆరింటికి నెక్లెస్ తీసుకున్నాడు. ఇంటికొచ్చి తన చేత్తో వార్డ్‌రోబ్ తెరిచాడు.

ఏ తలుపు తెరిచాడు?

హెడ్ ఆమె ముఖం చూసి, మంచినీళ్ళ గ్లాసు తెచ్చిచ్చాడు. ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

గంటలో అందరూ మళ్ళీ అదే గదిలో. అక్క, బావ, హెడ్, మేస్త్రి. ఇన్‌స్పెక్టర్ గది తలుపు వేసేసింది. మేస్త్రి చేత వార్డ్‌రోబ్ తలుపు తగిలించింది.

"బావా, ఈ తలుపు తెరు."

బావ లాగాడు. సాఫీగా వచ్చింది. దాని అంచుకీ కొత్త పలకలకీ మధ్య కాగితం పట్టేంత సందు.

"ఈ ముక్క ఆ సందులో దూర్చు."

బావ వంగాడు. దూరలేదు. ఎలా దూరుతుంది, వేలు మందం ముక్క!

"నిన్న సాయంత్రం ఆ ముక్క ఆ తలుపుకే ఉంది బావా. దూరని ముక్క అంచునుంటే, తలుపు ఎలా తెరిచావు?"

బావ వంగినవాడు లేవలేదు. అలాగే పలకల మీద చతికిలబడ్డాడు.

"టైరులో గాలి పెట్టిద్దామని ఆగాను," అన్నాడు. "నెక్లెస్ ఉన్న సంచి స్కూటర్ కొక్కేనికి తగిలించా. చిల్లర కోసం లోపలికెళ్ళొచ్చా. సంచి లేదు. ఆ వీధంతా వెతికా. ఇంటికొచ్చేసరికి మీ అక్క 'పెట్టావా?' అంది. పెట్టానన్నా. పొద్దున్నే చెప్పేద్దామనుకున్నానే. ఒట్టు. ఈలోపు మేస్త్రి కొట్టేశాడన్నారు. తర్వాత నువ్వొచ్చి... అందరి ముందూ మహారాజా అన్నావ్. అందరూ నవ్వారు."

"నవ్వితే? మనిషిని జైలుకి పంపుతావా?"

ఇన్‌స్పెక్టర్ ఇంకేం అడగలేకపోయింది. జైలుకి పంపబోయింది బావ కాదు. ఆ పెన్ను పట్టుకుంది తను.

అక్క ఏడవలేదు, తిట్టలేదు. మొగుడి ముఖం చూడకుండా గోడవైపు తిరిగి నిలబడింది. అది చూస్తే తిట్టినా బాగుండేదనిపించింది.

"తప్పయిపోయింది మేస్త్రీ," బావ చేతులు జోడించాడు.

మేస్త్రి ఆయన వైపు చూడలేదు. ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు.

"సారీ," అంది ఆమె. "కేసు లేదు. మీరు వెళ్ళొచ్చు."

"ఆయన సంగతి మీ ఇంటి సంగతి మేడమ్. నన్ను కాలర్ పట్టుకుని మెట్లు దింపింది ఆయన కాదు."

"సారీ చెప్పాను కదండీ."

"తలుపేసి చెప్పారు. ఇక్కడ ఎవరున్నారు వినడానికి?"

హెడ్ నేల చూపులు చూస్తున్నాడు. ఇన్‌స్పెక్టర్ టోపీ సర్దుకుంది. మళ్ళీ తీసేసి చేత్తో పట్టుకుంది. తలుపు తెరిచింది.

మెట్ల దారి. మేస్త్రి ముందు, ఆమె వెనక.

రెండో అంతస్తులో మొదటి గుమ్మం. బెల్లు నొక్కింది. కింది ఆంటీ తలుపు తీసింది. మేస్త్రిని చూసి సగం మూసేసింది.

"ఆంటీ, ఈయన ఏం తియ్యలేదు. నేనే ఏమీ విచారించకుండా కాలర్ పట్టుకున్నా. తప్పు నాది."

"అవునా! మరి ఎవరు తీశారు?"

పైన అక్క వాళ్ళ తలుపు తెరిచే ఉంది. అన్నీ వినిపిస్తాయి.

"ఎవరూ తియ్యలేదు. మా బావ దారిలో పారేసుకుని, ఇంట్లో పెట్టానని అబద్ధం చెప్పాడు. నేను నమ్మాను."

"అయ్యో, మీ బావగారా!" ఆంటీ కళ్ళు పెద్దవయ్యాయి. సాయంత్రానికల్లా ఈ మాట వీధి చివరి దాకా పాకుతుందని ఆ కళ్ళలోనే తెలిసిపోయింది. "మరి ఇతను ఆ తలుపెందుకు పీకినట్టు?"

ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచింది. ఈ ఒక్కటైనా దాచుదామనుకుంది, బందులు లూజయ్యాయని చెప్పేద్దామని. మేస్త్రి ముందుకొచ్చాడు.

"కొలత తప్పానమ్మా. షీటు లావైతే తలుపు కింద సందు చూసుకోవాలి. చూసుకోలేదు. అందుకని కోశా."

ఆంటీ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"మంచిదే. కానీ మా ఆయన ఇంకో మేస్త్రికి చెప్పేశారండీ. మరోసారి చూద్దాం."

తలుపు మూసుకుంది.

పక్క తలుపు. మళ్ళీ అదే మాట. మళ్ళీ అదే ప్రశ్న. ఆ ఇంటాయనైతే "పోలీసులే ఇలా చేస్తే ఎలాగమ్మా?" అని నిలదీసి, ఆలోచించి చెబుతానన్నాడు. ఇన్‌స్పెక్టర్ చెవులు వేడెక్కిపోయాయి. మొదటి గుమ్మం దగ్గర గబగబా అనేసిన మాట రెండో గుమ్మం దగ్గరికొచ్చేసరికి నోట్లోంచి ఓ పట్టాన ఊడి రాలేదు. ఇంకోసారి తేలికవుతుందనుకుంటే లేదు, ఇంకా బరువెక్కింది.

మెట్ల మలుపులో ఆగింది. గోడకి ఆనుకుంది.

"మిగిలినవాళ్ళకి ఫోన్‌లో చెబుతానండీ. నంబర్లివ్వండి."

మేస్త్రి రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగాడు. ముఖంలో కోపం లేదు. జాలి అంతకంటే లేదు.

"నేను మీతో ఇవే మెట్లు దిగాను మేడమ్," అన్నాడు. "కింద ఇంకో అంతస్తుంది. రండి."

ఆమె దిగింది. బెల్లు నొక్కింది.