బావగారి పడగ్గదిలో కుట్టుమిషను

ఉచిత న్యాయ సలహా కేంద్రానికి వచ్చేవాళ్లలో సగంమంది స్నేహితుడి కోసం వచ్చామనే చెబుతారు. సోఫాలు కుట్టే అబ్బాయి కూడా అదే చెప్పాడు.

"మా ఫ్రెండ్ ఒకడున్నాడండీ. పాపం, వ్యాపారం మునిగింది. వాడు దివాలా అర్జీ పెట్టుకుంటే అందరికీ తెలిసిపోతుందా?"

బల్లకు అవతల కూర్చున్న లాయరమ్మాయి రాసుకుంటూనే జవాబు చెప్పింది. "కోర్టు రికార్డులో ఉంటుంది. వెతికితే దొరుకుతుంది. పనిగట్టుకుని వెతికే తీరిక ఎవరికుంది?"

"అప్పులన్నీ పోతాయా?"

"చాలావరకు పోతాయి. జరిమానాలు, భార్యకివ్వాల్సిన భరణం లాంటివి పోవు. మీ ఫ్రెండ్‌కి పెళ్లయిందా?"

"ఛఛ, లేదండీ!" అన్నాడు, అవసరమైనదానికన్నా గట్టిగా.

అప్పుడు తలెత్తి చూసింది. చొక్కా నిండా స్పాంజి నూకలు, వేళ్ల నిండా సూదిపోట్లు. నవ్వు ఆపుకుంటూ, "మీ ఫ్రెండ్ సోఫాలు కుడతాడా?" అంది.

అతను కంగారుగా చొక్కా దులుపుకున్నాడు. నూకలన్నీ ఎగిరి వెళ్లి ఆమె కాఫీలో పడ్డాయి.

"అయ్యో! వేరే కాఫీ తెస్తానండీ."

"వద్దు మహానుభావా, కూర్చోండి. అప్పుల్లో ఉన్నవాళ్లతో కాఫీ కొనిపించానంటే మా సీనియర్ నన్ను బతకనివ్వరు."

అతను కూర్చుని ఉన్నదంతా చెప్పాడు. ఒక పెద్ద హోటల్ వాళ్లు సోఫాలు కావాలన్నారు. అప్పు చేసి బట్ట, చెక్క, స్పాంజి తెచ్చి కుట్టాడు. హోటల్ తలుపులు తెరవకముందే మూతపడింది. సోఫాలు అయినకాడికి అమ్ముకున్నా అప్పుకి ఏ మూలకూ చాలలేదు.

"మా బావ దగ్గర కూడా కొంత తీసుకున్నానండీ. ముందు ఆయనది తీర్చేసి, తర్వాత అర్జీ పెడితే?"

"కుదరదు. అయినవాళ్లకి ముందు తీర్చేస్తే ఆ డబ్బు వెనక్కి లాగుతారు. బావైనా బ్యాంకైనా ఒకటే వరస."

"బ్యాంకుకి అంత కోపం ఉండదండీ."

ఈసారి ఆమెకు నవ్వు ఆగలేదు.

అది మొదలు అతను మాటిమాటికీ వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఒకే ఒక్క ప్రశ్న. ఇంకోచోట ఉద్యోగం ఇస్తారా? మళ్లీ ఎప్పటికైనా షాపు పెట్టుకోవచ్చా? ఫోన్లు చేసి బెదిరించేవాళ్లు మానేస్తారా? అన్నీ ఒక్క పూటలో అడగొచ్చని అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు.

"ఆ అబ్బాయి దివాలా తీస్తున్నాడా, డిగ్రీ చదువుతున్నాడా?" అని సీనియర్ గారు కళ్లజోడు పైనుంచి అడిగారు. ఆమె వినపడనట్టు ఫైలు తిరగేసింది.

ఉన్న వస్తువులన్నీ రాసుకోవడానికి ఒకరోజు ఆమె షాపుకు వచ్చింది. అతను నేలంతా తుడిచి, స్టూలు మీద కొత్త బట్ట పరిచి, గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె కత్తెరలు, సుత్తులు, మిగిలిన బట్ట తానులు రాసుకుంది. కిటికీ దగ్గరికి వచ్చి ఆగింది. అక్కడ నేల మీద నాలుగు కాళ్ల గుర్తులు, వాటి చుట్టూ రంగురంగుల దారం ముక్కలు.

"కుట్టుమిషను ఏది?"

"అమ్మేశానండీ."

"ఎవరికి?"

"ఎవరో... అటుగా వెళ్తూ..."

"అటుగా వెళ్తూ కుట్టుమిషను కొనుక్కుపోయారా? అరటిపండా అది?"

అతను కాళ్ల గుర్తులవైపే చూస్తున్నాడు. ఆమె పుస్తకం మూసేసింది.

"నాకు అబద్ధం చెబితే నా మనసు నొచ్చుకుంటుంది, అంతే. కోర్టులో ప్రమాణం చేసి ఇదే చెబితే అర్జీ కొట్టేస్తారు. అప్పులన్నీ మీ మెడకే ఉంటాయి. పైగా దాచినందుకు కేసు."

"బావ వాళ్లింట్లో పెట్టానండీ. అది కూడా తీసుకుపోతే నేను ఏం చేసుకుని బతకను?"

"ఎవరు తీసుకుపోతారన్నారు? చేతిపని వాళ్ల పనిముట్లు, మరీ ఖరీదైనవి కాకపోతే, చట్టమే వదిలేస్తుంది. మీ మిషను కొత్తదా?"

"నాకన్నా వయసులో పెద్దదండీ."

"ఇన్ని ప్రశ్నలు అడిగారు, ఇదొక్కటి అడగలేకపోయారా?"

"అడిగితే మిషను ఉందని మీకు తెలిసిపోతుందిగా!"

ఆమె నుదురు కొట్టుకుంది. "పదండి. ఎక్కడ మీ బావగారిల్లు?"

వెళ్లేసరికి వాన మొదలైంది. బావగారి పడగ్గదిలో, మంచానికీ గోడకీ మధ్య, దుప్పటి కప్పుకుని మిషను ఉంది. దాని మీద బావగారి అద్దం, దువ్వెన.

బావ చేతులు కట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు. "ఇది నా బాకీ కింద జమ. ఇచ్చేది లేదు."

"అలాగే సార్," అంటూ ఆమె పెన్ను తీసింది. "దాచడానికి సాయం చేసినవాళ్ల పేరు కూడా రాసుకోవాలి. పూర్తి పేరు చెప్పండి."

బావ చేతులు వాటంతటవే విడిపోయాయి. "తీసుకుపోండమ్మా! రోజూ దీనికి మోకాలు కొట్టుకుని చస్తున్నాను."

"రెండు మోకాళ్లూ కమిలిపోయాయమ్మా," అంది అక్క. "తమ్ముడి కోసం ఓర్చుకున్నారు."

"మరి నా డబ్బు?" అన్నాడు బావ.

"అందరితోపాటు మీరూ వరసలో ఉంటారు సార్. పెద్దగా ఆశ పెట్టుకోకండి."

"వీడి చేతిలో పెట్టినప్పుడే ఆశ వదిలేశాన్లే," అంటూ బావ వంగి మిషనుకు ఒక పక్క తనే పట్టాడు.

తోపుడుబండి మీద మిషను ఎక్కింది. ఉన్న ఒక్క ప్లాస్టిక్ పట్టా దానికే కప్పారు. అతను లాగుతున్నాడు, ఆమె వెనకనుంచి తోస్తోంది.

"మీరు తడిసిపోతున్నారండీ!"

"వెనక్కి చూడకండి, ముందు గుంత ఉంది!"

అతను అప్పటికే చూశాడు. తడిసిన జుట్టు బుగ్గకు అతుక్కుని, పళ్ల బిగువున బండి తోస్తున్న ఆమెను చూస్తూ, ఆ గుంతలోకే నేరుగా దిగిపోయాడు.

కిటికీలోంచి అక్క చూస్తోంది. "ఏమండీ, ఈ పిల్ల మనవాడి ఫైలు ఒక్కటే చూస్తోందంటారా?"

"నన్నడక్కు. నా మోకాలికి ఏదైనా రాయి," అన్నాడు బావ. అంటూనే తనూ కిటికీ దగ్గరికి వచ్చాడు.

విచారణ రోజున కోర్టుకు ఆమె రాలేదు. సీనియర్ గారు వచ్చారు. జడ్జిగారు అర్జీ ఆమోదించారు, మిషను అతనికే ఉంచారు. అక్క కళ్లు తుడుచుకుంది. అతను మాత్రం గుమ్మంవైపే చూస్తూ ఉన్నాడు. బయటికి రాగానే సలహా కేంద్రానికి పరుగెత్తాడు.

"మీరు రాలేదేంటండీ?"

"మీ ఫైలు వదిలేశాను."

అతని మొహం వాడిపోయింది. "అబద్ధం చెప్పాననేగా?"

"దానికి ఆరోజే తిట్టేశానుగా. అది అయిపోయింది."

"మరి?"

ఆమె బల్ల మీది కాగితాలు సర్దింది. సర్దినవే మళ్లీ సర్దింది. "మా దగ్గర ఒక రూలుంది. ఎవరి ఫైలు చూస్తున్నామో వాళ్లతో సినిమాకి వెళ్లకూడదు."

"నేను మిమ్మల్ని సినిమాకి రమ్మనలేదే!"

"అడ్డు తీసేశాను. ఇక మీ ఇష్టం."

పక్కగదిలో సీనియర్ గారు గట్టిగా దగ్గారు. అతనికి అప్పుడు అర్థమైంది.

"నేను దివాలా తీసినవాణ్ణండీ."

"తెలుసు. రాసింది నేనే. నా టికెట్టు నేను కొనుక్కుంటాను, మీది మీరు కొనుక్కోండి. అప్పు మాత్రం ఇవ్వను."

"సాయంత్రం ఆటకి వెళ్దామా మరి?"

ఆమె బ్యాగు అప్పటికే భుజాన ఉంది.