నేను చెప్పేదాకా తెరవకు

నా స్టూడియో రెండో అంతస్తులో ఒకటే గది. ఉత్తరం వైపు పెద్ద కిటికీ, దానికి పల్చటి తెల్ల తెర. పక్క గోడకి నీలం గుడ్డ, దాని ముందు ఎత్తు మార్చుకునే స్టూలు ఒకటి. లైట్లు పెద్దగా వాడను. మనిషి మొహానికి కిటికీ వెలుగు చాలు.

ఇరవై రెండేళ్ళుగా మొహాలు తీస్తున్నాను. ఎవర్నీ నవ్వమని అడగను. నవ్వమంటే కెమెరా కోసం నవ్వుతారు, అది వాళ్ళ నవ్వు కాదు. నా పద్ధతి వేరు. కూర్చోబెట్టి కాసేపు ఆ మాటా ఈ మాటా చెబుతాను. తర్వాత కళ్ళు మూసుకోమంటాను. "నేను చెప్పేదాకా తెరవకండి" అంటాను. భుజాలు దిగుతాయి, నుదురు విప్పారుతుంది. అప్పుడు తెరవమంటాను. తెరిచిన మొదటి క్షణంలో ఉండే మొహం ఇంకా ఎవరి కోసమూ తయారైనది కాదు. దాన్ని పట్టుకుంటాను. ఒక్కటే ఫొటో.

చెల్లెలు ఆస్పత్రిలో నర్సు. హెడ్ నర్సుని చేశారు. గోడకి పెట్టడానికి మంచి ఫొటో ఒకటి కావాలన్నారట. ఆ ఆదివారం మధ్యాహ్నం గొడుగు దులుపుకుంటూ వచ్చింది.

"లోకంలో అందరి మొహాలూ తీస్తావు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు నన్ను మాత్రం వదిలేశావు" అంది.

"కదలకుండా కూర్చోవడం నీకు చేతనైతే కదా."

"ఇవాళ కూర్చుంటా. చూడు."

నిజంగానే కూర్చుంది. గడ్డం కాస్త ఎడమకి తిప్పాను. చెంప మీద పడిన వెంట్రుక సర్దాను. కెమెరా స్టాండు వెనక గోడకి దాదాపు ఆనించి ఉంది. నేనూ గోడకి వీపు రాసుకుంటూ నిలబడ్డాను.

"కళ్ళు మూసుకో. నేను చెప్పేదాకా తెరవకు."

మూసుకుంది. బయట వాన ఎక్కువైంది. మబ్బు కమ్మి కిటికీ తెర బూడిద రంగుకి తిరిగింది. గదిలో మూలలు ఒక్కొక్కటే కనపడకుండా పోతున్నాయి. వెలుగు కోసం ఆగాను. ఏళ్ళ తరబడి మూసి ఉంచిన పెట్టె తెరిస్తే వచ్చే వాసన సన్నగా వచ్చింది. వానకి గోడ చెమ్మగిల్లిందనుకున్నాను.

కాస్త వెలుగొచ్చింది.

"తెరువు" అన్నాను.

తెరవలేదు.

"తెరవవే."

"తెరిచాగా."

"ఆటలు వద్దు. వెలుగు పోతుంది."

"ఆటలేంటక్కా? నీ చొక్కాకి పై నుంచి రెండో బొత్తాం ఊడింది. చూసుకోలేదా?"

చూసుకున్నాను. ఊడింది. చెల్లెలి రెప్పలు గట్టిగా మూసే ఉన్నాయి. వాటి కింద కనుగుడ్డు కూడా కదలడం లేదు. చెయ్యెత్తి మూడు వేళ్ళు చూపించాను.

"మూడు" అంది. "ఎందుకక్కా?"

చెయ్యి దించేశాను.

"ఇందాక నువ్వు తెరవమన్నప్పుడు మళ్ళీ ఎందుకంటున్నావో అనుకున్నా. అంతకుముందే ఆవిడ తెరవమంది కదా."

"ఏ ఆవిడ?"

"నీ వెనకున్నావిడ."

నా వెనక గోడ. నా వీపు దానికి ఆని ఉంది...

"ఎలా ఉంది?" అన్నాను.

"సన్నగా నిలబడింది. నీ తల మీదుగా చూస్తోంది."

తల తిప్పాలనుకున్నాను. మెడ తిరగలేదు. కాలు ముందుకి వేద్దామనుకున్నాను. అదీ రాలేదు. ఆ వాసన ఇప్పుడు నా చెవి పక్కనుంది. చెల్లెలి పెదవుల మీద చిన్న నవ్వు పుట్టింది... నా కోసం కాదు.

కెమెరా క్లిక్‌మంది.

నా వేలు దాని మీద లేదు.

అప్పుడు కాళ్ళు కదిలాయి. పరుగెత్తి చెల్లెలి భుజాలు పట్టుకుని ఊపాను. బొటనవేలితో రెప్ప ఎత్తాను. కన్ను మామూలుగానే ఉంది. వదిలేస్తే రెప్ప మెల్లగా దిగింది.

"అడ్డం రాకక్కా" అని గుసగుసగా అంది. "కదలొద్దంది."

ఇది జరిగి పది నెలలైంది. ముగ్గురు కళ్ళ డాక్టర్లు చూశారు. నరాల డాక్టరు చూశాడు. ఎవరికీ ఏ లోపమూ కనపడలేదు. మా ఇంట్లో, వాళ్ళింట్లో, ఆస్పత్రిలో ఎక్కడ కూర్చోబెట్టినా కళ్ళు మూసుకునే, నడుం నిటారుగా పెట్టి, గడ్డం కాస్త ఎడమకి తిప్పి కూర్చుంటుంది. నేను తిప్పినంతే తిప్పి. తినిపిస్తే తింటుంది. పలకరిస్తే పలుకుతుంది. కానీ తనకి కనపడేది ఆ గది ఒక్కటే. ఆ గది ఖాళీ చేసేశాను. ఇప్పుడక్కడ కుట్టు మిషన్లు నడుస్తున్నాయి. తనకి మాత్రం నీలం గుడ్డే.

"చాలమ్మా, లే" అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

"నువ్వు చెబితే కాదక్కా. ఆవిడ చెప్పాలి" అంటుంది.

మా మరిది మొదట్లో అరిచేవాడు. ఇప్పుడు అరవడు. వాళ్ళ ఐదేళ్ళ పాప చెయ్యి పట్టుకుని తలుపు దగ్గర నిలబడి మెల్లగా అడుగుతాడు. "మీరే కూర్చోబెట్టారు వదినా. మీరే లేపాలి."

ఆ ఒక్క ఫొటో కెమెరాలో ఉంది. అందులో చెల్లెలి కళ్ళు తెరిచే ఉన్నాయి. ఇరవై రెండేళ్ళుగా నేను వెతుకుతున్న మొహం అదే. అంతకంటే మంచి ఫొటో నేను తియ్యలేదు. అదీ నేను తీసింది కాదు. చూపు మాత్రం లెన్సులోకి లేదు, దానికి జానెడు పైకుంది.

నిన్న మధ్యాహ్నం అన్నం తినిపిస్తున్నాను. పది నెలల్లో మొదటిసారి తనంతట తాను కదిలింది. కుర్చీలో ఓ పక్కకి జరిగింది. ప్రాణం లేచి వచ్చింది నాకు.

"ఏంటమ్మా? లేస్తావా?"

"లేదక్కా. జరగమంది."

"ఎందుకు?"

"నా పక్కన ఇంకో స్టూలు వేసింది."

చెంచా కంచంలో పెట్టేశాను.

"ఎవరికట?"

చెల్లెలు కాసేపు విన్నట్టు ఆగింది.

"చెప్పడం లేదు" అంది. "దాని ఎత్తు తగ్గిస్తోంది."