పదకొండు అంగల పెరడు

తెగ్యు మూట కడుతున్నాడు.

నేల మీద పరిచిన నీలం గుడ్డలో రెండు జతల మేజోళ్లు, మడతపెట్టిన దూది అంగీ, సిరా రాయి, రెండు కుంచెలు పెట్టాడు. లెక్కల పుల్లల సంచిని మాత్రం ఒకసారి పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. వన్జు ఊరికి మూడు రోజుల నడక. దారిలో కాళ్లు తడుస్తాయి, మేజోళ్లు ఇంకో జత ఉండాల్సింది. ఒంటరిగా బయల్దేరేవాళ్లకు ఇలాంటి సంగతి గుర్తుచేసే మనిషి ఉండడు.

బయట వాన. కొరియా రాజధాని హన్యాంగ్ నగరంలో ఆ ఏడు వానలు పట్టుకుని నెల దాటింది. వాగు ఒడ్డున ఉన్న ఆ వీధిలో పొడి చెప్పులున్న ఇల్లే లేదు.

తెగ్యు మూడేళ్ల కిందట కూ పంతులుగారి ఇంటికి లెక్కలు నేర్చుకోవడానికి వచ్చాడు. పరీక్ష గట్టెక్కితే భూములు కొలిచే కచేరీలో ఉద్యోగం. పంతులుగారిదీ ఆ కచేరీయే. ఎండలున్నన్నాళ్లూ తెగ్యు లెక్క తప్పేవాడు కాదు. వానలు మొదలవగానే అతని లెక్కలు అడ్డం తిరిగేవి. నిన్న పంతులుగారు, "ఈ విద్య నీకు అబ్బేది కాదేమోనయ్యా" అన్నారు.

ఆ ఒక్క మాటకే అయితే తెగ్యు వెళ్లిపోయేవాడు కాదు. అసలు కారణం పంతులుగారమ్మాయి ఒక్దాన్.

పది రోజుల కిందట, అన్నం తిన్న గిన్నె తిరిగి ఇస్తూ దాని కింద ఒక చీటీ పెట్టాడు. ‘మీ నాన్నగారిని అడగమంటారా? సరేనంటే ఎర్ర పుల్ల, వద్దంటే నల్ల పుల్ల, నా చెప్పులో పెట్టండి.’

మర్నాడు పొద్దున, జోరు వానలో, చెప్పులో పుల్ల కనబడింది.

నల్లది.

గది తలుపు పక్కకు జరిగింది. ఒక్దాన్ గడప అవతలే నిలబడి, గుడ్డ చుట్టిన పొట్లం ఒకటి లోపలికి తోసింది.

"అన్నం ముద్దలు. దారిలో తినండి."

"మీకెందుకండీ శ్రమ?"

"మీకోసం ఏమీ కాదు. ఆకలితో మా వీధి మలుపులో పడిపోతే మాకు చెడ్డపేరు."

తెగ్యు పొట్లం చేతిలోకి తీసుకున్నాడు. ఇంకా వేడిగా ఉంది. "ముల్లంగి ముక్కలు వేశారా?"

"వెళ్లిపోయేవాళ్లకు ముల్లంగి కూడానా?" అని, కాసేపాగి, "వేశాను" అంది.

ఆమె వెళ్లలేదు. చూరు నుంచి కారే నీళ్లను చూస్తూ నిలబడింది. అతను ముడి వేశాడు, విప్పాడు, మళ్లీ వేశాడు.

"మీ జవాబు చూశానండీ" అన్నాడు చివరికి. "అందుకే వెళ్తున్నాను."

ఒక్దాన్ మొహం కందిపోయింది. "చూసి కూడా వెళ్తున్నారా?"

"చూశాక ఇంకా ఎలా ఉండమంటారు?"

"భలేవారండీ! అడిగిందీ మీరే, పారిపోతున్నదీ మీరే. పది రోజులుగా నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు కూర్చుని, ఇవాళ మూట కడతారా?"

"నోరెలా విప్పను? మీరే కదా వద్..."

"తెగ్యూ!" పక్క గదిలోంచి పంతులుగారు కేకేశారు. "పోయే ముందు ఒక్క లెక్క చేసి పోవయ్యా. వన్జులో నిన్ను లెక్కలడిగే దిక్కుండదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఆ గదిలోకి వెళ్లారు. అతను చాప మీద కూర్చున్నాడు. ఆమె తలుపు దగ్గర నిలబడింది.

పంతులుగారు లెక్క చెప్పారు. "చదరంగా ఒక పెరడు. దాని ఒక పక్క పొడుగునా, జాడీలు పెట్టుకోవడానికి మూడంగల వెడల్పున నేల. రెండూ కలిపి నూరు చదరపు అంగలు. పెరడు పక్క ఎన్ని అంగలు?"

ఇలాంటి లెక్కకు జవాబు నేరుగా దొరకదు. ముందు ఒక అబద్ధం ఆడాలి. పక్క ఎనిమిది అనుకుంటే మొత్తం ఎనభై ఎనిమిది వస్తుంది, పన్నెండు తక్కువ. తొమ్మిది అనుకుంటే నూట ఎనిమిది, ఎనిమిది ఎక్కువ. రెండూ అబద్ధాలే. కానీ ఒక్కోటీ ఎంత అబద్ధమో తెలుసు కాబట్టి, రెండింటినీ ఒకదానితో ఒకటి సాక్ష్యం చెప్పించి నిజం దగ్గరికి వెళ్లవచ్చు. ఒక్కో ఊహను రెండోదాని తప్పుతో గుణించి, వచ్చినవాటిని తప్పులతో భాగించాలి. ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ అయితే కలపాలి. రెండూ ఒకే వైపు తప్పితే తీసివేయాలి. అక్కడ పొరబడ్డవాడు ఇక తేరుకోలేడు.

పంతులుగారి అలవాటు ఏమిటంటే, ఊహలూ వాటి తప్పులూ తనే పుల్లలతో పేర్చి ఇస్తారు. ఎక్కువైనదానికి ఎర్ర పుల్లలు, తక్కువైనదానికి నల్ల పుల్లలు. మిగతాది శిష్యుడి పని.

తెగ్యు చాప మీదికి వంగి, చకచకా పుల్లలు కదిపాడు. "పదకొండు అంగలు, గురువుగారూ."

పంతులుగారు పుల్లల వైపే చూస్తున్నారు. తలుపు దగ్గర నుంచి మాత్రం కిసుక్కున నవ్వు వినిపించింది.

"పదకొండా? అయితే నూటయాభై నాలుగు అవుతుంది. మీ గోడ పక్కింటావిడ కిమ్చీ పచ్చడి జాడీల మీంచి పోతుంది. ఆవిడ చీపురుతో వస్తుంది, చూసుకోండి!"

"ఒక్దాన్!" అన్నారు పంతులుగారు.

"కాదు నాన్నా, గుణించిందంతా సరిగ్గానే ఉంది. కలపాల్సిన చోట తీసేశారు." ఆమె తెగ్యు వైపు తిరిగింది. "ఎందుకు తీసేశారు?"

"రెండూ తక్కువే కదండీ. రెండూ నల్లవే."

ఒక్దాన్ మెల్లగా వచ్చి చాప అంచున కూర్చుంది. ఎక్కువొచ్చిన ఎనిమిదిని చూపే పుల్లల్లోంచి ఒకటి తీసింది. "ఇదే రంగు?"

"నలుపు."

తక్కువైన పన్నెండులోంచి ఒకటి తీసింది. "మరి ఇది?"

"నలుపేనండీ."

"రెండింటికీ తేడా లేదూ?"

"ఎండలో పెడితే ఒకటి కొంచెం మెరుస్తుంది. దాన్ని బట్టి చెప్పేస్తాను. మబ్బు పట్టినప్పుడు ఎవరికి మాత్రం తెలుస్తుంది? అందరికీ అంతే కదా!"

ఒక్దాన్ రెండు పుల్లలనూ ఒళ్లో పెట్టుకుంది. "మీ చెప్పులో ఏది దొరికింది?"

తెగ్యు పంతులుగారి వైపు బిక్కమొహం వేసుకుని చూశాడు. "నల్లది."

"వానలో చూశారా?"

"వానలోనే."

"మొద్దు" అంది ఒక్దాన్. గొంతు పెరిగింది. "మొద్దావతారమా! ఎర్రదండీ! ఉన్నవాటిలోకెల్లా ఎర్రది ఏరి మరీ పెట్టాను!"

అని, నాన్న ఎదురుగా కూర్చుని ఉన్నాడని అప్పుడు గుర్తొచ్చి, కొంగు లేని చోట కొంగు కోసం వెతుక్కున్నట్టు రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"ఏ చెప్పు? ఏ పుల్ల?" అన్నారు పంతులుగారు. "పుల్లల్లో ఒకటి తగ్గిందని వారం నుంచి ఇల్లంతా వెతుకుతున్నానే!"

తెగ్యు అంగీ లోపలి నుంచి ఒక పుల్ల తీసి చాప మీద పెట్టాడు. ఒక్దాన్ వేళ్ల సందుల్లోంచి చూసింది.

"వద్దన్నాననుకున్న పుల్లను ఎందుకు దాచుకున్నారు?"

"మీరు పెట్టింది కదా" అన్నాడు.

అతని మొహంలో నవ్వు మొదలై, పంతులుగారిని చూసి మధ్యలో ఆగిపోయింది. ఆయన చాప అంచు సరిచేస్తున్నారు. సరిగ్గా ఉన్న అంచునే మళ్లీ మళ్లీ సరిచేస్తున్నారు.

"నాకు తెలుసమ్మా" అన్నారు.

"ఏం తెలుసు నాన్నా?"

"ఇతనికి ఎరుపు కనబడదని. పోయినేడు వానల్లోనే కనిపెట్టాను." ఆయన ఒక పుల్ల తీసి, పన్నెండు చివర ఉన్న రెండు మీద ఏటవాలుగా పెట్టారు. "ఇలా వాలు పుల్ల ఉంటే తక్కువని అర్థం. పాత పద్ధతే. రంగుతో పనిలేదు, పరీక్షలోనూ ఒప్పుకుంటారు. ఒక్క మాట చెబితే సరిపోయేది."

"మరి చెప్పలేదేం?"

"పరీక్ష తప్పితే ఇతను ఒక్కడే పోతాడు. గట్టెక్కితే నిన్ను కూడా తీసుకుపోతాడు."

ఒక్దాన్ నాన్న వైపు తిరిగింది. "ఎంత లెక్క వేశావు నాన్నా" అంది. కోపంగా అందామనుకుంది కానీ మెత్తగా వచ్చింది.

తెగ్యుకు కోపం రావాలి. ఏడాది పోయింది. అతను మాత్రం వాలు పుల్లను వేలితో తడిమి, పాత పుల్లలన్నీ చెరిపేసి, మొదటి నుంచీ పేర్చాడు. ఈసారి కలిపాడు. నూట డెబ్బై రెండు. దాన్ని తప్పుల మొత్తం ఇరవైతో భాగించాడు.

"ఎనిమిది అంగలు, పైన పదింట ఆరు వంతులు" అన్నాడు. సరిచూశాడు. "ఇంకా పావు చదరపు అంగ తక్కువొస్తోంది గురువుగారూ. అది కూడా పూర్తి పావు కాదు."

"రాకేం చేస్తుంది? నిజం వంకరగా పోతుంది, మనం తిన్నగా పోతాం." పంతులుగారి గొంతులో పాఠం చెప్పే ధోరణి తిరిగొచ్చింది. "ఈ ఆరు వంతులనీ, ఆ తొమ్మిదినీ పెట్టుకుని మళ్లీ చెయ్యి. ప్రతిసారీ కొంచెం దగ్గరవుతావు. పూర్తిగా చేరవు. చేరక్కర్లేదు కూడా. జాడీలు పట్టేంత దగ్గరైతే చాలు."

"గురువుగారూ, వన్జులో మా అన్నయ్య ఉన్నాడు. నేను ఇక్కడే ఉండిపోతే అక్కడెవరూ కాదనరు."

"అదేమిటి, ఇల్లరికమా?"

"వాన తగ్గేదాకా" అన్నాడు తెగ్యు.

"మా వీధిలో వాన తగ్గదు" అంది ఒక్దాన్.

పంతులుగారు నవ్వారు. ఆయన నవ్వి చాలా కాలమైంది. "పోయి ఆ మూట విప్పవయ్యా. ముందు ఆ అన్నం ముద్దలు పట్రా, చల్లారిపోతాయి. ముల్లంగి వేసిందా?"

ఆ శరదృతువులోనే తెగ్యు పరీక్ష గట్టెక్కాడు, అదీ ముసురు పట్టిన రోజున. మరుసటి వసంతంలో ఆ ఇంటి వసారాలోనే పెళ్లి జరిగింది. పక్కింటావిడ తన జాడీల్లో ఒకటి నిండుగా పంపింది. ఆ వానాకాలమంతా ఒక్దాన్ భర్తకు లెక్కల పుల్లలు రంగు చూసి ఏరి పెట్టేది. ఎర్ర పుల్ల అడిగి, ఎర్రదే ఇస్తే నల్లదనుకున్నాడని రోజుకోసారైనా నవ్వేది.

ఆ ఏడే తొమ్మిదో నెలలో కచేరీ నుంచి ఉత్తర్వు వచ్చింది. ఉత్తరాన, సరిహద్దు దగ్గర, మంచు కరిగేలోపు భూములు కొలవాలి. ఉత్తర్వులో తెగ్యు పేరు ఉంది. పంతులుగారు ఎవరికీ చెప్పకుండా కచేరీకి వెళ్లి ఆ పేరు కొట్టించి, తన పేరు రాయించారు.

"ఆ దారి నాకు తెలుసు, రెండుసార్లు వెళ్లొచ్చాను" అన్నారు. "ఏడాది నీ దగ్గర తీసుకున్నాను కదయ్యా, ఒక చలికాలం తిరిగిస్తున్నాననుకో."

"నాన్నా, వేరేవాళ్లు లేరా?" అంది ఒక్దాన్.

"నాలుగో నెలకల్లా వచ్చేస్తానమ్మా."

కూ పంతులుగారు, వాళ్ల పంచాంగంలో తెల్ల గుర్రం ఏడు, పదో నెల, ఇరవై మూడో తేదీన బయల్దేరారు. ఆయన తిరిగి రాలేదు.