ఊర్మిళ నేర్చిన మాట

గంగాభవాని స్టీలు డబ్బా మూత తీసింది: చెవి వెనక తగిలించే మైకు ఉంది, మెడలో వేలాడదీసే మిషను పెట్టె ఉంది, తల మీద అయస్కాంతంతో అతుక్కునే చక్రం మాత్రం లేదు.

తల లోపల ఆపరేషన్ చేసి పెట్టినదానికి శబ్దం అందించేది ఆ చక్రమే. అది లేకపోతే అయిదేళ్ల కూతురు ఊర్మిళకి ఏమీ వినబడదు. మద్రాసు నుంచి ఇంకోటి రావాలంటే నెలలు పడుతుంది. పిల్లకి మాటలొచ్చేది ఇప్పుడే. ఈ ఉదయమే శంకర్ నగర్‌లో మాటలు నేర్పే టీచరమ్మ దగ్గరికి వెళ్లాలి.

"అత్తా, చక్రం ఎక్కడ పెట్టావు?"

పైడమ్మ చేట దించలేదు. "దాంతో నానేటి సేసుకుంతాను? వడియాలెట్టుకుంతానా?"

"పిల్లకి రేడియో కట్టేరని పక్కింటి భాభీతో నవ్వింది నువ్వు కాదా?"

"నవ్వితే దొంగనైపోనానేటి? జబాన్ సంభాల్ కే, నోరు సూసుకుని మాటాడు."

గంగాభవాని పరుపులు దులిపింది, అలమరా అంతా కింద పోసింది. ఇంత రభస జరుగుతున్నా భర్త చిన్నారావు తల ఎత్తలేదు. గూడ్సు గార్డు. డ్యూటీకి తీసుకెళ్లే ఇనుప పెట్టెకి తాళం వేస్తున్నాడు.

"ఆ పెట్టె తెరవండి."

"దరిద్రపుదానా, గాడీ టైమైపోతోంది. తప్పుకో."

ఆమె తప్పుకోలేదు. తాళంచెవి లాక్కుని, తెరిచి, పెట్టెను అమాంతం తిరగేసింది. జెండాలు, దీపం, టిఫిను డబ్బా దొర్లాయి. చక్రం పడలేదు. చిన్నారావు ఊపిరి వదిలాడు.

తొందరపడ్డాడు. ఖాళీ పెట్టెలోకి చెయ్యి పెట్టి తడిమింది గంగాభవాని. అయస్కాంతం ఇనుప గోడని పట్టుకుని వదల్లేదు.

"ఒరే, నువ్వేట్రా?" పైడమ్మ చేట జారింది.

గంగాభవాని చక్రాన్ని పీకింది. ఊర్మిళని లాక్కొచ్చి మిషను తగిలించి, మీట నొక్కింది.

"కన్నకూతురి చెవి పెట్టెలో దాచుకున్నారు. ఎందుకో ఇప్పుడు చెప్పండి. అది వింటుండగా చెప్పండి."

చిన్నారావు కూతురి వంక చూశాడు. ఎప్పుడూ లేనిది, గొంతు తగ్గించాడు.

"దీనికి వినబడదని దీని ముందే నిన్ను నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ని. ఆపరేషనయ్యాకా ఆ అలవాటు పోలేదు. నిన్న నువ్వు నీళ్లకెళ్లినప్పుడు నీ ఫొటో చూపించి, ఎవరమ్మా అనడిగాను. ఇందాక నేను నిన్ను తిట్టిన మాటే అంది, గంగా. నవ్వుతూ అంది. అదే నీ పేరనుకుంటోంది. ఇవాళ టీచరమ్మ కూడా నిన్ను చూపించి ఎవరని అడుగుతుంది. కొన్నాళ్లు వినబడకపోతే మర్చిపోతుందనుకున్నాను. నేనే తీశాను."